ఈ వాక్యం ఎవరిది, మీరు ఎవరి మనిషి? వికీపీడియాలో రాసేముందు తేల్చుకోవలసిన రెండు సంగతులు

"వారం రోజులు కూర్చుని వ్యాసం రాశాను. మర్నాటికల్లా తీసేశారు. నేను చేసిన తప్పేమిటి?"

తెలుగు వికీపీడియాలో (తెవికీలో) కొత్తగా అడుగుపెట్టినవారి నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అలా పోయిన వ్యాసాల సంగతి ఆరా తీస్తే దాదాపు ప్రతిసారీ రెండు కారణాలే బయటపడతాయి. వాక్యాలు వేరొకరివి కావడం ఒకటి, రాసినవారు ఆ వ్యాసంలోని మనిషికో సంస్థకో సొంతవారు కావడం రెండోది. చాలాసార్లు ఈ రెండూ కలిసే వస్తాయి. గురువుగారి సన్మాన సంచికలో అచ్చయిన వ్యాసాన్ని శిష్యుడు ఉన్నదున్నట్టు టైపు చేసి ఎక్కిస్తాడు. ప్రేమతోనే చేస్తాడు. ఆ సంచికలోని వ్యాసం రాసిన మనిషి మాత్రం వేరే ఉన్నాడు, ఆయనను ఎవరూ అడగలేదు. పైగా శిష్యుడి చేత్తో గురువు జీవితం నిష్పాక్షికంగా రావడం కష్టం.

2003 డిసెంబరులో మొదలైన తెవికీని ఈనాటికీ నడిపిస్తున్నది కొద్దిమంది స్వచ్ఛంద రచయితలే. కాపీ చేసి పెట్టిన ఒక్క వ్యాసాన్ని శుభ్రం చేసే సమయంలో వారు రెండు కొత్త వ్యాసాలు రాయగలరు. అందుకే ఈ విషయాన్ని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ పేరుతోనో కలంపేరుతోనో తెరిచిన ఒక వాడుకరి ఖాతా. సంస్థ పేరుతో వద్దు.
- విషయంతో సంబంధం లేనివారు రాసిన మూలాలు, కనీసం రెండు మూడు. పత్రిక అయితే తేదీ, పుస్తకమైతే ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య రాసుకోండి.
- ఒక నోటుపుస్తకం, కలం. కంప్యూటరులో మరో కిటికీ తెరుచుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు, కారణం రెండో మెట్టులో చెబుతాను.
- బొమ్మలు పెట్టదలిస్తే కెమెరా నుంచో ఫోను నుంచో నేరుగా తీసిన అసలు ఫైళ్లు. వాట్సాప్‌లో తిరిగి వచ్చినవి కాదు.
- మీ ఖాతాలోని ప్రయోగశాల పేజీ, అంటే చిత్తుప్రతి రాసుకునే చోటు. ఒక హెచ్చరిక: హక్కులున్న పాఠ్యాన్ని "తర్వాత మార్చుకుందాం" అని ప్రయోగశాలలో పెట్టుకోవడం కూడా ఉల్లంఘనే. అది కూడా లోకమంతా చూడగల పేజీ.

మొదటి ప్రశ్న: ఈ వాక్యం ఎవరిది?

1. మూలానికి హక్కులు ఉన్నాయో తీరాయో లెక్క కట్టండి

మన దేశంలో 1957 నాటి కాపీహక్కుల చట్టం ప్రకారం రచయిత జీవితకాలమంతా, మరణించాక మరో 60 ఏళ్లు రచనపై హక్కులు ఉంటాయి. ఆ 60 ఏళ్లను మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి లెక్కిస్తారు. కాబట్టి మరణించిన సంవత్సరానికి 60 కలిపితే చాలు. ఆ వచ్చిన సంవత్సరం డిసెంబరు 31 దాకా హక్కులు ఉన్నట్టే.

గురజాడ అప్పారావు 1915లో, కందుకూరి వీరేశలింగం 1919లో, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశారు. వారి రచనలు ఇప్పుడు అందరివీ. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో మరణించారు కనుక 2026 ముగిసేదాకా ఆయన కవితలను పూర్తిగా ఎక్కించకూడదు. 1971లో పోయిన జాషువాకు 2031, 1976లో పోయిన విశ్వనాథకు 2036, 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 చివర గడువు తీరుతుంది. ఎంత ప్రజాకవి అయినా, ఎన్ని గోడల మీద ఆయన పంక్తులు కనిపించినా లెక్క ఇదే. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన రచనకు మాత్రం అచ్చయిన సంవత్సరం నుంచి 60 ఏళ్లు చూడాలి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

పోతన పద్యం ఎవరైనా వాడుకోవచ్చు. ఆ పద్యం కింద మొన్నమొన్నటి పండితుడు రాసిన తాత్పర్యం ఆయనది. పాత పుస్తకానికి కొత్త ముద్రణలో రాసిన పీఠిక, చేర్చిన వివరణలు కూడా అంతే. పద్యం తీసుకోండి, తాత్పర్యం మీరే రాయండి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. దొరకడం వేరు, స్వేచ్ఛగా వాడుకునే హక్కు వేరు. ఆ స్కాన్‌లలో హక్కులు తీరని పుస్తకాలు కూడా ఉన్నాయి. చదువుకోవడానికి, మూలంగా చూపడానికి నిస్సందేహంగా పనికొస్తాయి. వాక్యాలను ఎత్తి రాయాలంటే మాత్రం రచయిత మరణ సంవత్సరం చూడాల్సిందే.

ప్రభుత్వ వెబ్‌సైటు ప్రజలది కదా అంటారు. ప్రభుత్వ రచనలకు కూడా ప్రచురణ నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 2011 జనాభా లెక్కల్లోని మీ ఊరి జనసంఖ్య వాస్తవం, దాన్ని ఎవరైనా రాయవచ్చు. జిల్లా వెబ్‌సైటులో ఊరి చరిత్ర గురించి ఉన్న నాలుగు పేరాలు మాత్రం మీవి కావు.

క్రియేటివ్ కామన్స్ (తన రచనను ఇతరులు వాడుకోవచ్చని రచయిత ముందే ఇచ్చే లైసెన్సు) గుర్తు కనబడగానే సంబరపడవద్దు, కింద ఏ రకమో చదవండి. సీసీ బై, సీసీ బై-ఎస్‌ఏ, సీసీ జీరో రకాలు వికీపీడియాకు సరిపోతాయి. "వాణిజ్యేతర వాడుకకు మాత్రమే", "మార్పులు చేయరాదు" అని ఉంటే సరిపోవు. వికీపీడియాలోని పాఠ్యం సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సుతో వెళుతుంది. అంటే దాన్ని ఎవరైనా తీసుకుని, మార్చి, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. "వికీపీడియాలో వాడుకోండి, అభ్యంతరం లేదు" అని రచయిత ఫోనులో చెప్పిన మాట చాలకపోవడానికి కారణం ఇదే. ఆయన ఒప్పుకున్నది మీ ఒక్కరికి. లైసెన్సు ఇవ్వవలసింది లోకానికి.

పాత పుస్తకాల స్కాన్లను వికీమీడియా కామన్స్‌లోకి (వికీపీడియాలన్నీ వాడుకునే బొమ్మలు, ఫైళ్లు ఉండే సైటులోకి) ఎక్కించేవారు ఇంకో మెట్టు కూడా చూడాలి. రచన మన దేశంతో పాటు అమెరికాలోనూ హక్కులు తీరినదై ఉండాలి. రచయిత 1941లో గానీ ఆ తర్వాత గానీ మరణించి ఉంటే, ఇక్కడ గడువు తీరినా అక్కడ తీరకపోవచ్చు. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలకు ఇక్కడ 2013తో హక్కులు ముగిశాయి. అయినా ఆయన చివరి దశలో వెలువరించిన పుస్తకాలను కామన్స్‌కు ఎక్కించే ముందు రచ్చబండలో, అంటే తెవికీ సభ్యులందరూ చర్చించుకునే పేజీలో, అడగండి.

2. చదవండి, మూసేయండి, అప్పుడు రాయండి

కాపీహక్కు వాస్తవాలకు ఉండదు, వాటిని చెప్పిన తీరుకు ఉంటుంది. సిద్ధాంతం ఇంతే. కష్టమంతా చెప్పిన తీరు నుంచి బయటపడటంలో ఉంది. ఒక ఉదాహరణ కోసం నేనే అల్లిన వాక్యం చూడండి. ఇది ఒక పత్రికలో వచ్చిందనుకుందాం:

"పచ్చని పొలాల నడుమ, కృష్ణమ్మ ఒడిలో ఒదిగిన ఈ పల్లెలో 1952లో దాతల సహకారంతో ఏర్పాటైన గ్రంథాలయం ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపింది."

కొత్తవారు దీన్ని ఇలా మారుస్తారు:

"పచ్చటి చేల మధ్య, కృష్ణానది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో దాతల సాయంతో 1952లో నెలకొల్పిన గ్రంథాలయం ఎంతోమంది విద్యార్థుల బతుకుల్లో వెలుగు నింపింది."

పొలాలు చేలయ్యాయి, పల్లె గ్రామమైంది, జీవితాలు బతుకులయ్యాయి. వాక్యం నడక, అందులో ఏది ముందు ఏది వెనుక అన్న వరస, ఆ పోలిక అన్నీ పత్రిక విలేఖరివే. ఇది కాపీయే. తొలగిస్తే బాధపడకూడదు.

ఇక మరీ దూరంగా జరిగిపోయిన ప్రయత్నం:

"గ్రామ గ్రంథాలయాన్ని 1952లో ప్రారంభించారు. దాతలు స్థలం, భవనం సమకూర్చారు."

కాపీ కాదు, కానీ స్థలం, భవనం ఎక్కడి నుంచి వచ్చాయి? మూలంలో "దాతల సహకారం" అని మాత్రమే ఉంది. మాటలు మార్చాలన్న తొందరలో లేని సంగతిని చేర్చాం. ఇది కాపీ కంటే ప్రమాదకరం, ఎందుకంటే దీన్ని ఏ పరికరమూ పట్టుకోలేదు.

సరైనది చాలా సాదాగా ఉంటుంది:

"గ్రామంలో గ్రంథాలయం ఉంది. దీన్ని దాతల సహకారంతో 1952లో ఏర్పాటు చేశారు."

"దాతల సహకారంతో" అన్న రెండు మాటలు అలాగే ఉన్నాయి కదా అని సందేహం రావచ్చు. అవి అందరూ వాడే మాటలు, ఎవరి సొంత సొత్తూ కాదు. "వెలుగులు నింపింది" అన్నది పత్రిక అభిప్రాయం, విజ్ఞాన సర్వస్వానికి అక్కర లేదు. వాక్యం చివర పత్రిక పేరు, తేదీతో మూలం ఇవ్వండి.

నోటుపుస్తకం అవసరం ఇక్కడే. మూలం చదువుతూ పేర్లు, తేదీలు, అంకెలు, ఎవరు ఏమి చేశారో పొడిమాటల్లో రాసుకోండి. వాక్యాలు రాసుకోవద్దు. రెండో మూలం, మూడో మూలం కూడా ఇలాగే చదవండి. తర్వాత మూలాలన్నీ మూసి, నోట్సు చూసి మాత్రమే రాయండి. కంప్యూటరులో రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుంటే కళ్లు తెలియకుండానే అవతలి వాక్యం వెంట నడుస్తాయి. రాయడం అయ్యాక మూలం మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు సరిచూసుకోండి.

ఎవరి మాటనైనా అదే రూపంలో చూపక తప్పకపోతే ఉటంకింపు గుర్తుల్లో పెట్టి, ఎవరన్నారో వాక్యంలోనే చెప్పి, మూలం ఇవ్వండి. ఒకటి రెండు వాక్యాలకు మించనివ్వకండి. వ్యాసం సగం ఉటంకింపులే అయితే గుర్తులు పెట్టినా అది కాపీ కిందికే వస్తుంది.

"మూలం ఇచ్చాను కదా, ఇంకా కాపీ ఎలా అవుతుంది?" అని చాలామంది బాధగా అడుగుతారు. మూలం ఇవ్వడం వల్ల సమాచారం ఎక్కడిదో తెలుస్తుంది. వాక్యాలు వాడుకునే అనుమతి దానివల్ల రాదు.

3. అనువాదం చేస్తుంటే

ఇంగ్లీషు వికీపీడియా నుంచి తెలుగులోకి అనువదించవచ్చు. ఒకే ఒక్క షరతు: ఏ భాషలోని ఏ వ్యాసం నుంచి అనువదించారో దిద్దుబాటు సారాంశంలో (మార్పును ప్రచురించేటప్పుడు దాని గురించి ఒక ముక్క రాసే పెట్టెలో) లింకుతో రాయాలి. వికీపీడియాలోని అనువాద పరికరం వాడితే అది తనంతట తానే చేరుస్తుంది. చేత్తో అనువదించేటప్పుడు చాలామంది మర్చిపోతారు. మర్చిపోయి ప్రచురించేస్తే, అదే వ్యాసంలో ఒక చిన్న దిద్దుబాటు చేసి ఆ సారాంశంలో రాయండి.

ఇంగ్లీషు పత్రికలోని వ్యాసాన్ని తెలుగు చేయడం వేరు. అనువాద హక్కు కూడా రచయితదే. భాష మారితే కాపీ కాకుండా పోదు. యంత్రానువాదానికిచ్చినా, కృత్రిమ మేధతో "మాటలు మార్చి రాయి" అని చెప్పి రాయించినా ఇదే మాట. ఆ పరికరాలు లేని మూలాలను సృష్టించి ఇస్తాయి కూడా. మీరు తెరిచి చదవని మూలాన్ని వ్యాసంలో పెట్టకండి.

4. బొమ్మలు

ఫోటో హక్కు సాధారణంగా తీసిన మనిషిది, ఫోటోలో ఉన్న మనిషిది కాదు. కవిగారి పక్కన నిలబడి మీరు మీ స్నేహితుడి చేత తీయించుకున్న ఫోటో మీ స్నేహితుడిది. ఫేస్‌బుక్‌లోనో పత్రికలోనో కనిపించినదాన్ని దింపుకుని "సొంత కృతి" అని కామన్స్‌లో ఎక్కించడం కొత్తవారు చేసే తప్పులన్నిటిలో పెద్దది. అలా ఒకటి రెండు బయటపడితే మీరు నిజంగా తీసిన ఫోటోలను కూడా అనుమానిస్తారు.

డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటో సంగతి కొంచెం వేరు. మన చట్టం ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవారే తొలి హక్కుదారులు. మీ తాతగారు స్టూడియోకి వెళ్లి తీయించుకున్న ఫోటో మీ కుటుంబానికి సంక్రమించి ఉంటే, ఆ సంగతిని ఫైలు వివరణలో స్పష్టంగా రాయండి. "సొంత కృతి" అని మాత్రం రాయవద్దు. ఆధారం అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి.

బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని, భవనాన్ని ఫోటో తీసి ఎక్కించవచ్చు, మన చట్టం ఒప్పుకుంటుంది. గోడ మీది చిత్రం, ఫ్లెక్సీ, సినిమా గోడపత్రిక ఆ వెసులుబాటులోకి రావు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహం ఫోటో సరే, ఆ దారిలోనే గోడ మీద ఒక చిత్రకారుడు ఇటీవల వేసిన బొమ్మకు ఆయన అనుమతి కావాలి. సినిమా గోడపత్రిక చిన్న కొలతలో, ఆ సినిమా వ్యాసం కోసమే, సముచిత వినియోగం కింద తెవికీలోనే ఎక్కించవచ్చు. కామన్స్ అలాంటివాటిని ఒప్పుకోదు.

5. రచన మీదే అయితే

మీ బ్లాగులోని వ్యాసాన్ని మీరే తెవికీలో పెట్టినా తొలగిస్తారు, ఎందుకంటే ఆ ఖాతా వెనుక ఉన్నది మీరేనని చూసేవారికి తెలియదు. రెండు దారులున్నాయి. మీ బ్లాగులో ఆ వ్యాసం అడుగున "ఈ పాఠ్యం సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సుతో లభ్యం" అని మీరే రాయడం తేలిక దారి. అలా కుదరకపోతే వికీమీడియా స్వచ్ఛంద ప్రతిస్పందన బృందానికి, అంటే విఆర్‌టీకి, అనుమతి లేఖ మెయిలు చేయాలి. పుస్తక రచయితలు, ఫోటోగ్రాఫర్లు ఇవ్వదలచిన అనుమతులకు ఇదే మార్గం. లేఖను హక్కుదారే, వీలైతే తన అధికారిక మెయిలు నుంచి పంపాలి, మీరు మధ్యవర్తిగా కాదు.

లైసెన్సు ఇచ్చేముందు ఒకసారి ఆలోచించుకోండి, ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. ప్రచురణకర్తకు హక్కులు రాసిచ్చిన పుస్తకమైతే, ఉద్యోగంలో భాగంగా రాసినదైతే, ముందు ఒప్పందం తీసి చదవండి. లైసెన్సు ఇచ్చినంత మాత్రాన ఆ పాఠ్యం అలాగే నిలవదు. బ్లాగు వ్యాసం శైలి విజ్ఞాన సర్వస్వానికి పనికిరాదు కనుక దాన్ని ఎలాగూ తిరగరాయాలి. నా సలహా అడిగితే, తిరగరాసేటప్పుడు మొదటి నుంచీ కొత్తగా రాయడమే మేలు.

6. ప్రచురించే ముందు పరీక్ష

మీ వ్యాసంలో మూడు చోట్ల నుంచి నాలుగైదు వరస మాటలను జంట ఉటంకింపు గుర్తుల మధ్య పెట్టి వెతకండి. తెలుగులో పొడుగు వాక్యం ఇస్తే ఫలితం రాదు. ఒకరు "ఏర్పాటుచేశారు" అని కలిపి రాస్తే మరొకరు విడదీసి రాస్తారు, అక్కడే వెతుకులాట తెగిపోతుంది. చిన్న ముక్కలే పనిచేస్తాయి. తెవికీలో ఇప్పటికే ఉన్న వ్యాసాన్ని పరీక్షించాలంటే ఎర్విగ్ కాపీవయో డిటెక్టర్ అనే ఆన్‌లైన్ పరికరం ఉంది. భాషగా తెలుగును ఎంచుకుని వ్యాసం పేరు ఇస్తే చాలు.

ఫలితాన్ని రెండు వైపుల నుంచీ అనుమానించండి. ఏమీ దొరకకపోతే కాపీ లేదని అర్థం కాదు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లతో) అచ్చుకు సిద్ధం చేసిన పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన పుస్తకాలు వెతుకులాటకు చిక్కవు. అలాంటి మూలంతో రాసినప్పుడు పుస్తకం పక్కన పెట్టుకుని పేరా పేరా పోల్చడం ఒక్కటే పరీక్ష. ఇక అంతా కలిసిపోయిందని పరికరం చూపితే కూడా వెంటనే తీర్పు ఇవ్వవద్దు. వికీపీడియా నుంచే కాపీ చేసుకునే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. వ్యాసం చరిత్ర పేజీలో ఆ వాక్యం ఏ తేదీన చేరిందో చూసి, ఆ వెబ్‌సైటు పేజీ తేదీతో పోల్చండి. వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ పాత ప్రతి దొరికితే ఎవరు ఎవరిని కాపీ చేశారో తేలిపోతుంది.

వేరొకరు చేసిన కాపీ కనబడితే ఆ భాగాన్ని తీసేసి, ఎక్కడి నుంచి వచ్చిందో సారాంశంలో రాయండి. అంతటితో ఆగకండి. పాత కూర్పు చరిత్రలో అలాగే ఉంటుంది, దాన్ని దాచగలిగేది నిర్వాహకులే. చర్చాపేజీలోనో రచ్చబండలోనో వారికి చెప్పండి.

రెండో ప్రశ్న: మీరు ఎవరి మనిషి?

7. నిజాయితీగా ఒక జాబితా వేసుకోండి

మీరు, మీ జీవిత భాగస్వామి, తల్లిదండ్రులు, గురువు, మీరు పనిచేసే సంస్థ, మీరు కార్యవర్గంలో ఉన్న సంఘం, మీ పుస్తకం, మీ పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ, మీరు జెండా మోసే పార్టీ, మీరు ధర్మకర్తగా ఉన్న గుడి. ఈ వ్యాసాల్లో మీకు ప్రయోజనాల వైరుధ్యం ఉంది. అంటే వ్యాసం ఎలా ఉంటే పాఠకుడికి మంచిదో, ఎలా ఉంటే మీకు మంచిదో రెండూ వేరు కావచ్చు. మీ స్వభావం మీద అనుమానం కాదిది. న్యాయమూర్తి బంధువుల కేసు నుంచి తప్పుకుంటే ఆయనను ఎవరూ తక్కువ చేసి చూడరు కదా.

మీ ఊరి గురించి రాయడం తప్పు కాదు. నచ్చిన నటుడి గురించి రాయడమూ తప్పు కాదు. ఊరికి మీరు సర్పంచి అయితే, నటుడి అభిమాన సంఘానికి అధ్యక్షులైతే మాత్రం ఈ కింది మెట్లు మీకు వర్తిస్తాయి.

నా తొలి రోజుల్లో మా నాన్న కార్యదర్శిగా పనిచేసిన ఒక సంఘం గురించి రాశాను. అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సంఘం రెండుగా చీలిన సంగతి మాత్రం రాయలేదు. దాచాలని దాచలేదు, నాకు అది రాయదగిన విషయంగా తోచలేదు, అంతే. ఏడాది తర్వాత సంబంధం లేని ఒక సభ్యుడు పాత పత్రికలు చూపి ఆ భాగం చేర్చాడు. చదివితే వ్యాసం అప్పటికి పూర్తయిందనిపించింది. సొంతవారికి కొన్ని సంగతులు అసలు కనిపించవని నేను నేర్చుకున్నది అప్పుడే.

8. ఖాతా పేరు, ఖాతా వాడకం

సంస్థ పేరుతో, సినిమా పేరుతో, "ఫలానా మీడియా బృందం" పేరుతో ఖాతా తెరవకండి. ఒక ఖాతా వెనుక ఒక మనిషే ఉండాలి. కార్యాలయంలో నలుగురు ఒకే పాస్‌వర్డు వాడకూడదు. ఒకే వ్యాసానికి మద్దతుగా రెండో ఖాతా తెరిస్తే రెండూ పోతాయి.

9. సంబంధాన్ని బయటపెట్టండి

మీ వాడుకరి పేజీలో రెండు వాక్యాలు చాలు:

"నేను ఫలానా కళాశాలలో అధ్యాపకుడిని. ఆ కళాశాల వ్యాసంలో నేరుగా మార్పులు చేయను, సూచనలను చర్చాపేజీలో రాస్తాను."

ఇంటి చిరునామా, ఫోను నంబరు రాయవద్దు, ఎవరూ అడగరు.

డబ్బు తీసుకుని రాస్తుంటే ఇది మర్యాద కాదు, తప్పనిసరి. 2014 జూన్‌లో వికీమీడియా ఫౌండేషన్ తన వాడుక నియమాలను సవరించి, చెల్లింపు పొందే రచయిత మూడు సంగతులు వెల్లడించాలని చేర్చింది: మీకు డబ్బు ఇస్తున్నది ఎవరు, పని ఎవరి కోసం, ఇతరత్రా మీకు వారితో ఉన్న సంబంధం ఏమిటి. ఈ వెల్లడి వాడుకరి పేజీలో గానీ, వ్యాసం చర్చాపేజీలో గానీ, దిద్దుబాటు సారాంశంలో గానీ ఉండవచ్చు. జీతంతో పాటు మీ ఉద్యోగ బాధ్యతల్లో "వికీ పేజీ చూసుకోవడం" ఉంటే అదీ చెల్లింపే. "నాకు ప్రత్యేకంగా డబ్బు ఇవ్వలేదు" అన్న వాదన నిలవదు.

10. వ్యాసాన్ని ముట్టకండి, చర్చాపేజీలో అడగండి

అడిగే తీరును బట్టి జవాబు వస్తుంది. పనిచేయని అభ్యర్థన ఇలా ఉంటుంది:

"మా సంస్థ గురించి తప్పుగా రాశారు. వెంటనే సరిదిద్దగలరు."

ఏది తప్పో, ఏది ఒప్పో, దేన్నిబట్టో చదివినవారికి తెలియదు. పనిచేసేది ఇలా ఉంటుంది:

"చరిత్ర విభాగం రెండో వాక్యంలో సంస్థ 1987లో ఏర్పడినట్టు ఉంది. దాన్ని 1978గా మార్చమని కోరుతున్నాను. ఆధారం: ఫలానా దినపత్రిక, ఫలానా తేదీ, 5వ పుట. నేను ఈ సంస్థ ఉద్యోగిని."

ఎక్కడ, ఏమి, ఎలా, ఆధారం, మీరెవరు అన్న అయిదూ ఉంటే చూసేవారికి అయిదు నిమిషాల పని. ఒక అభ్యర్థనలో ఒకటి రెండు మార్పులే అడగండి. పూర్తి వ్యాసాన్ని తిరగరాసి చర్చాపేజీలో పెట్టి "ఇది వాడండి" అంటే ఎవరికీ తీరిక ఉండదు.

వారం పది రోజులు ఆగండి. జవాబు రాకపోతే రచ్చబండలో ఒకసారి గుర్తు చేయండి. నిర్వాహకులకు ఫోన్లు చేయించడం, పది మంది స్నేహితుల చేత మద్దతు రాయించడం పని చెడగొడతాయి.

నేరుగా చేయదగినవి కొన్ని ఉన్నాయి: అక్షరదోషాలు దిద్దడం, ఎవరో చేసిన దుశ్చర్యను వెనక్కి తిప్పడం, బతికున్న మనిషి గురించి ఆధారం లేకుండా రాసిన నిందను తీసేయడం. ఇవి చేసినా సారాంశంలో కారణం రాయండి. ఆధారం ఉన్న విమర్శ మీకు నచ్చకపోవడం దుశ్చర్య కాదు.

11. కొత్త వ్యాసం కావాలంటే

మీ గురించి మీరు రాసుకోకండి. మీ సంస్థ గురించి అయితే ముందు ఈ పరీక్ష చేయండి. సంస్థ వెబ్‌సైటు, పత్రికా ప్రకటనలు, ఇంటర్వ్యూలు, మీరు డబ్బిచ్చి వేయించుకున్న కథనాలు అన్నీ పక్కన పెట్టండి. ఇక మిగిలినవాటిలో, మీతో సంబంధం లేనివారు మీ గురించి కాస్త లోతుగా రాసినవి రెండు మూడు ఉన్నాయా? లేకపోతే ఇప్పటికి వ్యాసానికి సమయం రాలేదు, ఎవరు ఎంత చక్కగా రాసినా నిలవదు. ఉంటే ప్రయోగశాలలో చిత్తుప్రతి రాసి, మీ సంబంధం చెప్పి, రచ్చబండలో ఎవరినైనా పరిశీలించమని కోరండి. వ్యాసాల పేరుబరిలోకి, అంటే అసలు వ్యాసాలు ఉండే చోటికి, మీ చేత్తో తరలించకండి.

12. పొగడ్తను జల్లెడ పట్టండి

చిత్తుప్రతిలో కంట్రోల్ ఎఫ్ నొక్కి ఈ మాటలు ఒక్కొక్కటే వెతకండి: గారు, శ్రీ, ప్రముఖ, సుప్రసిద్ధ, బహుముఖ ప్రజ్ఞాశాలి, అనతికాలంలోనే, విశేష సేవలు, తనదైన ముద్ర. "గారు", "శ్రీ" నేరుగా తీసేయండి. తెవికీ వ్యాసాల్లో ఎంత పెద్దవారికైనా "రాశారు", "చేశారు" అన్న క్రియలోనే మర్యాద ఉంటుంది. మిగతావాటి దగ్గర "ఎవరన్నారు?" అని అడగండి. "విశేష సేవలు అందించారు" అన్నచోట ఏ ఏడాది, ఏ ఊరిలో, ఏమి చేశారో రాయగలిగితే రాయండి. రాయలేకపోతే ఆ వాక్యం ఖాళీది. అవార్డుల జాబితా ఉంటే, ఇచ్చిన సంస్థ గురించి బయటి మూలం లేనివన్నీ తీసేయండి. ఇది చేసేటప్పుడు చేయి వణుకుతుందని నాకు తెలుసు, ముఖ్యంగా గురువుగారి వ్యాసమైతే.

డబ్బడిగేవారి గురించి ఒక హెచ్చరిక

మీ వ్యాసం తొలగించాక "నేను వికీపీడియా నిర్వాహకుడిని, ఇంత ఇస్తే మళ్లీ పెట్టిస్తాను, నెలనెలా ఇంత ఇస్తే కాపాడతాను" అని మెయిలు రావచ్చు. అది మోసం. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో సరిగ్గా ఇదే పని చేస్తున్న ముఠాను పట్టుకుని 381 ఖాతాలను నిరోధించారు. ఆరెంజ్‌మూడీ వ్యవహారంగా అది పేరు పడింది. తిరస్కరణకు గురైన వ్యాసాలను వెతికి, వాటికి సంబంధించిన వ్యక్తులను, చిన్న వ్యాపారులను వారు పట్టుకునేవారు. వ్యాసం పెట్టడానికి గానీ ఉంచడానికి గానీ వికీపీడియా డబ్బు తీసుకోదు. అలాంటి మెయిలు వస్తే జవాబివ్వకుండా రచ్చబండలో తెలియజేయండి.

ఇప్పటికే తొలగించి ఉంటే

అదే పాఠ్యాన్ని మళ్లీ ఎక్కించకండి. ముందు మీ చర్చాపేజీ తెరవండి, కారణం అక్కడ రాసి ఉంటుంది. లేకపోతే వ్యాసం పేరుతో తొలగింపుల చిట్టాలో చూడండి. ఎవరు, ఏ కారణంతో తొలగించారో కనిపిస్తుంది. తర్వాత ఆ నిర్వాహకుల చర్చాపేజీలో ఇలా రాయండి:

"ఫలానా వ్యాసాన్ని కాపీహక్కుల కారణంతో తొలగించారు. అందులోని రెండు పేరాలు పత్రిక నుంచి తీసుకున్నవే, నాకు నియమం తెలియలేదు. ఈ మూడు మూలాలతో నా సొంత మాటల్లో ప్రయోగశాలలో మళ్లీ రాశాను. వ్యాసంలోని వ్యక్తి నాకు మేనమామ అవుతారు, ఆ సంగతి నా వాడుకరి పేజీలో రాశాను. వీలైనప్పుడు పరిశీలించగలరు."

కింద నాలుగు టిల్డా గుర్తులు (~~~~) పెట్టి సంతకం చేయండి. జవాబు ఆ పేజీలోనే వస్తుంది కనుక పైన ఉన్న నక్షత్రం నొక్కి దాన్ని వీక్షణ జాబితాలో చేర్చుకోండి.